కళాయి

బండి కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాను.
సంతలో కుండని వేలి కణుపుతో కొట్టి వింటారే,
అలా సుత్తితో ఛాసిస్ పొడుగునా కొట్టుకుంటూ వస్తున్నాను.
ఖంగ్. ఖంగ్. ఖంగ్.
వెనక చక్రం దగ్గర, బొత్.
రేకులు రేకులుగా రాలింది నా కళ్లద్దాల మీద
నలభై ఏళ్ల వాన.

ఆసుపత్రిలో నా పని ఎముకల్ని ఫొటో తీయడం.
ఎముక విరిగితే తెలుపు మీద నల్లటి గీతై
తనే చెప్పేస్తుంది.
ఇనుముకి ఆ మర్యాద లేదు.
పైన నున్నటి రంగు, లోపల పిడికెడు ఎర్రమట్టి.

వైట్‌హేవెన్‌లో గాలికే ఉప్పుంటుంది.
అది చాలదన్నట్టు చలి మొదలవగానే కౌన్సిల్ లారీ
రాత్రిపూట దారంతా ఉప్పు చల్లిపోతుంది.
ఉప్పు తినేది రోడ్డు,
నీళ్లు తాగేది మాత్రం ఇనుము.

కుళ్లిన మేర కోసి, కొత్త రేకు అతికి,
డెరిక్ బ్రేత్‌వైట్ ముసుగు పైకెత్తి అడిగాడు,
"ఇప్పుడు దీనికేం తొడుగుదాం?"
బట్టల కొట్టు గుమాస్తాలా ఒక్కొక్కటే పరిచాడు.
నల్లరంగు చవక. రెండు చలికాలాలు, తర్వాత మళ్లీ మొదటికి.
పొడి చల్లి కాల్చే పూత అద్దంలా ఉంటుంది,
కానీ ఒక్క గులకరాయి తగిలి చిట్లిందా,
దాని చాటునే తుప్పు కాపురం పెట్టేస్తుంది.
గొర్రెబొచ్చు కొవ్వు మంచిదే, ఏటేటా పూయాలి,
ఎండ కాసిన రోజు బండంతా మంద వాసన.
"కాస్తుందా ఎండ?" అన్నాను.
"అదీ నిజమే," అన్నాడు.

చివరికి గొంతు తగ్గించాడు, ఖరీదు చెప్పేవాళ్ల గొంతు:
"జింకు తొట్టిలో నిలువునా ముంచడం.
తుప్పొస్తే ముందు తను పోతుంది, ఇనుము జోలికి రానివ్వదు.
గీత పడ్డా సరే, పక్కనున్న జింకు తన వంతు ఇచ్చేస్తుంది."
అంత మంచితనం నమ్మబుద్ధి కాలేదు.
బిల్లు చూశాక నమ్మాను.

"ఇంకోటి. బోలు ఛాసిస్ కదా, బెజ్జాలు పెట్టాలి.
లోపల తడి చిక్కుకుంటే ఆ వేడికి బాంబులా పేలుతుంది."
కాపాడమని తెస్తే తూట్లు పొడుస్తానంటాడేమిటి!
మూడు రోజులు ఒప్పుకోలేదు.
నాలుగో రోజు డ్రిల్లు నేనే పట్టుకున్నాను.
పద్నాలుగు బెజ్జాలు.
ఛాసిస్ నంబరు పూడిపోకుండా
దాని మీద తెల్లటి ముద్ద మెత్తాడు డెరిక్,
పసిదాని నుదుటికి గంధం రాసినంత మెత్తగా.

వర్కింగ్‌టన్ అవతల షెడ్డులో
పసుపు గీత ఇవతల నిలబడి చూడనిచ్చారు.
యాసిడ్‌లో కడిగారు. ఇంకేదో తొట్టిలో ముంచారు.
మీగడలా ముడతలు పడ్డ జింకులోకి క్రేను దించగానే
తెల్లటి పొగ లేచింది.

ఆ వాసన నాకు తెలుసు.
తెనాలిలో మా సందు మొదట గుంట తవ్వి
తిత్తి ఊదుతూ మస్తాను ఇత్తడి గిన్నె తిప్పేవాడు.
చిటికెడు నవాసారం, గుడ్డతో ఒక్క తుడుపు,
పొగలోంచి గిన్నె తెల్లగా తెల్లారేది.
"ఇక పులుసు పోసుకోండమ్మా," అనేవాడు
పులుపుకి పూచీ తనదేనన్నట్టు.
ఫోర్‌మన్ని అడిగాను, ఆ రెండో తొట్టిలో ఏముందని.
పొడుగాటి పేరేదో చెప్పాడు.
నవాసారమే,
ముందు జింకని ఇంటిపేరు తగిలించుకుంది.

మొదటి మంచు రాత్రి డ్యూటీకి వెళ్తుంటే
ఉప్పు లారీ ఎదురొచ్చింది.
బండి అడుగున పోపులో ఆవాల్లా చిటపటలు.
స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను,
అదేదో నా చేతిలో ఉన్నట్టు.

పొద్దున్న ఇంటిముందు ఆపి వంగి చూశాను.
మెరుపు అప్పుడే పోయింది,
వాడిన అల్యూమినియం దబర రంగు.
నేను పొడిచిన బెజ్జాల్లో ఒకదాంట్లోంచి
రాత్రి తాగిన ఉప్పునీళ్లు
ఒక్కో చుక్కే, తీరిగ్గా,
బయటికి పోతున్నాయి.